పెట్టెకు చెప్పిన మాట

అనగనగా అంటే మరీ అంత దూరం కాదు గానీ, దూరమే. కోటల్లో పుట్టే రాజులు పోయి, పెట్టెల్లోంచి రాజులు పుట్టడం మొదలైన కాలం.

ఆ కాలంలో ఉప్పుటేటి ఒడ్డున దిబ్బపాలెం అని ఒక పల్లె. ఆ పల్లెలో కోనమ్మ అని ఒకావిడ. మొగుడు పోలయ్య వల వేసేవాడు. కోనమ్మ చేపలు ఎండబెట్టి, తట్టకెత్తుకుని ఊళ్లమ్మట అమ్ముకొచ్చేది. చదువు లేదు, చారెడు నేల లేదు. గొంతు మాత్రం ఉంది. "చేపలోయ్" అని ఒక్క కేక వేస్తే ఏటి అవతల పిల్లులు లేచి కూర్చునేవట.

ఆ పల్లెకు కామందు జగ్గప్పగారు. గుడిసెలు వేసుకున్న నేల ఆయనది. పడవలు కట్టుకునే రేవు ఆయనది. చేపలు ఎండబెట్టుకునే ఇసుక దిబ్బా ఆయనదే.

ఒకనాడు దండోరా పడింది. ఓట్లు వస్తున్నాయహో అని. ఓటంటే ఏమిటో పల్లెలో ఎవరికీ తెలీదు. పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చి, అందరినీ రేవు దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇక రాజు కొడుకు రాజవడు. మీరంతా కలిసి ఒక మనిషిని ఎన్నుకుంటారు. దేశంలో ప్రతి చోటా అలాగే ఎన్నుకుంటారు. వాళ్లందరూ ఢిల్లీలో ఒకచోట కూర్చుని చట్టాలు చేస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరి వైపు ఉంటే వాళ్లు దేశాన్ని నడుపుతారు. బాగా నడపకపోతే ఐదేళ్లకు మీరే మార్చేయొచ్చు."

కోనమ్మ లేచింది. "బాబూ, కామందు గారికి ఎన్ని ఓట్లు?"

"ఒకటి."

"మా ఆయనకి?"

"ఒకటి."

"మరి నాకు?"

"నీకూ ఒకటేనమ్మా."

పల్లె పల్లంతా ఘొల్లున నవ్వింది. కోనమ్మ నవ్వలేదు. "ఎవరికి వేశానో ఎవరికైనా తెలుస్తుందా బాబూ?" అనడిగింది.

"నువ్వు చెబితేనే తెలుస్తుంది. చెప్పకపోతే పెట్టెకు తప్ప ఎవరికీ తెలీదు."

ఆఫీసరు అటు వెళ్లగానే ఇటు జగ్గప్పగారు వచ్చారు. ఆయన బావమరిది పోటీలో ఉన్నాడు. బావమరిది గుర్తు కుండ, ఎదుటివాడి గుర్తు నిచ్చెన. "కుండ బొమ్మ పెట్టెలో వెయ్యండి. పెట్టె లోపల నాకు కళ్లున్నాయి. ఎవరెందులో వేశారో నాకు తెలిసిపోతుంది" అన్నారు. పల్లె నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఓట్ల రోజు వచ్చింది. తెర వెనక పెట్టెలు. బయట దారిలో కుర్చీ వేసుకుని జగ్గప్పగారు. వచ్చినవాళ్లను వచ్చినట్టే ఆపి అడుగుతున్నారు. "ఎవరికి వేశావు?" కుండకు వేసినవాళ్లూ, వెయ్యనివాళ్లూ చేతులు కట్టుకుని ఒకటే మాట. "కుండకే బాబయ్యా."

కోనమ్మ వచ్చింది.

"ఏమే కోనమ్మా, ఎవరికి వేశావు?"

"పెట్టెకు చెప్పాను బాబయ్యా. ఇంకొకరికి చెప్పే మాట కాదు."

జగ్గప్పగారికి నవ్వొచ్చింది. మర్నాడు కబురు పెట్టి, మంచిగా అడిగారు. "మన పిల్లవి, చెప్పు, ఏమీ అనను."

"పెట్టెకు చెప్పాను బాబయ్యా. ఇంకొకరికి చెప్పే మాట కాదు."

మూడోసారి కోపంగా అడిగారు. "చెప్పకపోతే దిబ్బ మీద నీ చేప ఒక్కటి కూడా ఎండదు."

దిబ్బ లేకపోతే ఎండు చేప లేదు, ఎండు చేప లేకపోతే ఇంట్లో పొయ్యి లేదు. అయినా కోనమ్మ అదే అంది. "పెట్టెకు చెప్పాను బాబయ్యా. ఇంకొకరికి చెప్పే మాట కాదు."

దిబ్బ పోయింది.

ఇంటికొస్తే పోలయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. "కుండకే వేశానని ఒక్క అబద్ధం ఆడేస్తే పోయేది కదే! అందరూ అనలేదా?"

"అందుకే అనలేదు మావా. అందరూ కుండకే అంటే, రేపు నోరు మూసుకున్నవాళ్లు దొంగలైపోరా? ఊరుకున్న నోరు దొంగది కాదని ఎవరో ఒకరు చూపించాలి."

"అది నువ్వేనా చూపించేది?"

"ఎవరూ కదలకపోతే నేనే మరి."

కోనమ్మ చేపలను తన గుడిసె కప్పు మీద ఎండబెట్టుకుంది. కాకులు ఎత్తుకుపోయేవి. వాన కురిస్తే సగం కుళ్లిపోయేవి. ఆ కరువులో ఆమె చెయ్యి చిక్కిపోయింది, గొంతు మాత్రం చిక్కలేదు. కొన్నాళ్లకు పక్కింటి సోములమ్మ, తన కప్పు మీద కూడా చోటుందని పిలిచింది. ఆ తర్వాత ఆ పక్కింటివాళ్లు. పల్లె కప్పులన్నీ చేపల వాసన కొట్టాయి.

జనానికి ఒక సంగతి తట్టింది. పెట్టె లోపల కామందుకు కళ్లే ఉంటే కోనమ్మను మూడుసార్లు అడగడం ఎందుకు? ఆయనకు తెలీదు! ఎవరి సంగతీ తెలీదు!

ఐదేళ్లు గడిచాయి. మళ్లీ ఓట్లు. మళ్లీ దారిలో కుర్చీ. ముందుగా సోములమ్మ వచ్చింది.

"ఎవరికి వేశావు?"

"పెట్టెకు చెప్పాను బాబయ్యా."

వెనక పోలయ్య. అదే మాట. ఆ వెనక ముసలీ ముతకా, పడుచు కోడళ్లూ. అదే మాట, అదే మాట. ఎండ నడినెత్తికి రాకముందే జగ్గప్పగారు లేచి, కుర్చీ తనే మోసుకుని ఇంటికి పోయారు.

ఎవరి ఓటు ఎటుందో తెలియకపోయేసరికి, గెలవాలనుకున్నవాళ్లు గుడిసె గుడిసెకూ రావలసి వచ్చింది. ఆ తర్వాతి ఓట్లకు కుండ బావమరిదే చెప్పులు విడిచి, కోనమ్మ గుమ్మంలో నిలబడి, "ఏం కావాలమ్మా మీకు?" అనడిగాడు.

"ఉప్పు లేని నీళ్లు" అంది కోనమ్మ. "ఎండబెట్టుకోవడానికి, ఎవరూ పొమ్మనని దిబ్బ."

బావి తవ్వారు. దిబ్బ పల్లెదైంది. దానికి కొన్నేళ్లు పట్టింది గానీ, అయింది.

కోనమ్మ ముసలిదైంది. మంచాన పడింది. కూతురు నూకాలు గంజి తాగిస్తూ, "అమ్మా, ఆ మొదటిసారి నువ్వు కుండకు వేశావా, నిచ్చెనకు వేశావా? నాకైనా చెప్పవే" అంది.

కోనమ్మ గంజి మింగి, కళ్లతోనే నవ్వింది. "నీకు చెబితే నువ్వు మీ ఆయనకు చెబుతావు" అంది. చెప్పకుండానే పోయింది.

కుండకే వేసిందని కొందరంటారు. నిచ్చెనకని కొందరంటారు. ఈ తగువు దిబ్బపాలెంలో ఇప్పటికీ తెగలేదు. ఓట్ల నాడు అక్కడ భార్యను భర్త అడగడు, కొడుకును తండ్రి అడగడు. పొరుగూరి నుంచి వచ్చిన కొత్త అల్లుడెవరైనా తెలియక, "మీరు ఎవరికి వేశారు?" అని నోరు జారితే, ఇంటి ముసలమ్మ విస్తట్లో ఇంకో చేప ముక్క వేస్తూ అంటుంది:

"పోయి కోనమ్మనడుగు నాయనా. ఆవిడ చెబితే నేనూ చెబుతాను."