గన్నేరు చెట్టు పెళ్ళికూతురు

అనగనగా ఒక రాజుగారు, ఆయనకు ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడు ధీరకేతు. అతను ఏడు సముద్రాలూ దాటి, మాంత్రికుడి ప్రాణం దాగిన చిలకను పట్టుకునేదాకా దారి మీకు తెలిసిందే. తెలియనిది ఆ తరువాతి సంగతి.

ధీరకేతు మనువాడాలనుకున్న కువలయను ఆ మాంత్రికుడు గన్నేరు చెట్టు మీద పురుగును చేసి పెట్టాడు. పచ్చటి ఒళ్ళు, తోక మీద చిన్న కొమ్ము, మెడ దగ్గర కళ్ళలాంటి రెండు నీలి మచ్చలు.

"నాతో వాడూ పోతాడు గానీ, మంత్రం పోదు నాయనా," అంది చిలక. "మూడు మాటలు విని, అప్పుడు నా మెడ తిప్పు. గన్నేరాకే పెట్టు, మనకది విషం, ఆమెకది అన్నం. ఒళ్ళు మట్టిరంగుకు తిరిగితే జబ్బనుకోకు, నేలలోకి దిగి పడుకుంటుంది, తవ్వకు. చివరికి రెక్కలతో పైకొస్తుంది. మొదటి పువ్వు ముట్టకముందే పేరు పెట్టి గట్టిగా పిలువు, మళ్ళీ మనిషవుతుంది. తేనె తాగిందా, ఇక పువ్వులదే, నీది కాదు."

ధీరకేతు చిలక మెడ తిప్పి, ఆ చెట్టును వేళ్ళతో సహా పెకలించి, మళ్ళీ ఏడు సముద్రాలూ దాటి తెచ్చి పెరట్లో నాటాడు. ఆకు పెట్టాడు. పురుగు గోధుమరంగుకు తిరిగినా ఓర్చుకున్నాడు. అది మట్టిలోకి దిగింది. "కుళ్ళిపోయిందేమోరా, తవ్వి చూడు," అన్నారు అన్నలు. తవ్వలేదు.

ఒక సాయంత్రం, చంద్రకాంతలు విచ్చే వేళకు మట్టి కదిలింది. ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. మేళగాళ్ళూ వచ్చారు. తడి రెక్కల ప్రాణి కొమ్మెక్కి, రెక్కలు చాచి ఆరబెట్టుకుంది. పచ్చపట్టు మీద గులాబీ చారలు. ఉన్నట్టుండి లేచి, రెక్కలు కనబడనంత జోరుగా ఆడిస్తూ ధీరకేతు ముఖం ముందు గాలిలో నిలబడింది.

పెద్ద వదినె చప్పట్లు కొట్టింది. "ఏదీ మరిదీ, పెళ్ళాం పేరు చెప్పు! చెప్పందే గడప దాటనివ్వం!"

"సిగ్గే పాపం! మొసళ్ళతో పోట్లాడొచ్చిన మొనగాడికి నోరు పెగలడం లేదు!" అంది చిన్న వదినె.

మేళగాళ్ళు కూడా నవ్వారు. ధీరకేతు చెవులు ఎర్రబడ్డాయి. "ఉండండి వదినా, ఇంతమంది ముందా..." అని తల వంచుకున్నాడు.

తల ఎత్తేసరికి ఆమె చుట్టుకున్న పొడుగాటి నాలుక విప్పి చంద్రకాంతలో పెట్టేసింది.

"కువలయా!"

కోట గోడలు పలికాయి. ఆమె పక్క పువ్వుకు పోయింది. అక్కడినుంచి ఇంకో పువ్వుకు.

తరువాత ధీరకేతుకు పెళ్ళయింది. గడప దగ్గర ఎవరూ అడగకముందే కొత్త పెళ్ళికూతురి పేరు గట్టిగా చెప్పేశాడు. వదినెలిద్దరూ నవ్వలేదు, ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. అతను చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో గన్నేరు మీది కొమ్ముపురుగును ఎవరూ దులిపేవారు కాదు.

జుట్టు నెరిసినా సాయంత్రమయ్యేసరికి చంద్రకాంతల దగ్గరకు వచ్చి కూర్చునేవాడు. గాలిలో రెక్కలు జుమ్మనగానే, ఎవరున్నా సరే, పెద్దగా పిలిచేవాడు. అది తేనె తాగి వెళ్ళిపోయేది.

కథ అక్కడే, ఆ పువ్వుల దగ్గర కూర్చుంది. మీరు ఇళ్ళకు పోయేటప్పుడు గన్నేరు కొమ్మలు ఊపకండి పిల్లలూ.