‘తనం’ తాటాకులు

నంజుండయ్యకు ఒకటే బెంగ. పన్నెండేళ్ళుగా రాస్తున్న గ్రంథం ఒక్క మాట దొరక్క ఆగిపోయింది.

అతను వెంటపడ్డది మరీ పెద్ద సంగతేమీ కాదు, మాట చివర అంటుకునే చిన్న తోక. మంచికి ‘తనం’ తగిలిస్తే మంచితనం. కన్నడంలో దొడ్డకు ‘తన’ తగిలిస్తే దొడ్డతన, అంటే గొప్పదనం. అరవంలో అల్లరిని కుఱుంబు అంటారు, దానికీ ఆ తోక తగిలించి కుఱుంబుత్తనం చేశారు. సంస్కృతంలో ఆ చాకిరీ ‘త్వం’ చేస్తుంది. ఎక్కడికి పోయినా అదే పని, వేషాలే వేరు. ఉత్తరాది భాషలో ‘పన్’ అంటారని విన్నాడు గానీ, అడిగి రాసుకుందామంటే ఆ భాషవాడు దొరకలేదు. గ్రంథం పూర్తయితే పండితుల సభలో చదివిస్తామని గురువుగారు సిద్ధలింగస్వామి మాట ఇచ్చి ఉన్నారు.

రామేశ్వరం పోయే యాత్రికులు కనుమ దాటగానే స్వామి మఠంలో ఆగుతుంటారు, ఉత్తరాదివాళ్ళు మాత్రం అరుదు. ఒక ఎండాకాలం పొద్దున కాశీ వైపు నుంచి నడిచొచ్చిన బైరాగి ఒకడు వసారాలో కూలబడ్డాడు. జ్వరంతో ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. స్వామికి నాటువైద్యం తెలుసు. కషాయానికి ఆకులు కోసుకురావడానికి కొండెక్కుతూ, "ఈయన్ని చూస్తా ఉండప్పా" అన్నారు.

నంజుండయ్య చూస్తూనే ఉన్నాడు, తాటాకూ గంటమూ పట్టుకుని.

"సాధూజీ, ఎదుటివాణ్ణి సొంతమనిషిలా చూసుకోవడాన్ని మీ భాషలో ఏమంటారు?" అని వచ్చీరాని హిందుస్తానీలో అడిగాడు.

బైరాగి కళ్ళు తెరిచాడు. "అప్నాపన్" అన్నాడు. పగిలిన పెదవులు నాలుకతో తడుపుకున్నాడు.

నంజుండయ్య గుండె ఎగిరి గంతేసింది. అది రాసుకుని ఇంకొకటి అడిగాడు, దాని తర్వాత మరొకటి. బైరాగి చెయ్యెత్తి మూలనున్న నీళ్ళకడవ చూపించాడు.

"తెస్తా, తెస్తా. ఇదొక్కటి చెప్పండి" అన్నాడు నంజుండయ్య. చెడ్డవాడేం కాదు పాపం, పన్నెండేళ్ళ ఆకలి మరి.

మధ్యాహ్నానికి స్వామి దిగొచ్చారు. బైరాగి మూలుగుతున్నాడు. కడవ మీద మూత పొద్దున పెట్టినట్టే ఉంది.

"దొరికింది స్వామీ!" అంటూ నంజుండయ్య ఎదురుపోయాడు. "అప్నాపన్! ఇంగ నా గ్రంథం అయిపోయినట్టే."

"ఇంతకీ ఆ తోక ఏం జేస్తాదప్పా?"

"మంచి అంటే దాని పక్కన మనిషి ఉండల్ల స్వామీ. మంచి కొడుకనో, మంచి తల్లనో అనల్ల. తనం తగిలిస్తిమా, ఇంగ ఎవురూ అక్కర్లేదు. మంచితనం తనంతట తాను నిలబడతాది. మనిషి లేకపోయినా దాన్ని గురించి మాట్లాడుకోవచ్చు. ఏ భాషలోనైనా అంతే."

స్వామి తన పైపంచె కొంగు చింపారు. కడవలో ముంచి పిండి, బైరాగి నుదుటి మీద వేశారు. తల పైకెత్తి పట్టుకుని గుక్క గుక్కగా నీళ్ళు తాగించారు.

"నిజమే. మనిషి లేకపోయినా మాట్లాడుకోవచ్చు" అన్నారు. నంజుండయ్యను పక్కన కూర్చోబెట్టి, బైరాగి తలను మెల్లగా అతని ఒళ్ళో పెట్టి, కషాయం కాచడానికి లోపలికి వెళ్ళారు.

పంచెలోంచి ఆ వేడి తొడకు తగిలింది. నంజుండయ్యకు సిగ్గుతో కళ్ళు నిండాయి. తాటాకులు నేలమీద ఎక్కడ పడ్డాయో అతను చూడలేదు.

నాలుగు రోజులు అతను బైరాగి పక్క వదల్లేదు. గుడ్డ తడిపాడు, గంజి పట్టాడు, విసనకర్రతో విసిరాడు. ఐదో రోజు పొద్దున జ్వరం దిగి బైరాగి లేచి కూర్చున్నాడు. స్వామి ఏరి గూట్లో కట్టిపెట్టిన తాటాకులు చూసి నవ్వాడు.

"పాపం, నీ మాటలు మధ్యలో ఆగిపోయాయి కదూ? నా దగ్గర చాలా ఉన్నాయి. అడుగు" అన్నాడు.

గుమ్మం దాటబోతున్న స్వామి ఆగారు.

నంజుండయ్య గూటి వైపు చూడలేదు. బైరాగి ఎదురుగా కూర్చుని, ఆ వచ్చీరాని భాషలోనే అడిగాడు.

"అయ్యా, మీ పేరు?"