లిలిత్ పక్కన కూర్చున్న రాకుమారుడు

రండి, రండి, దగ్గరగా జరగండి. స్తంభం వెనకున్న బుజ్జమ్మా, నువ్వూ ముందుకు రా. అందరూ దేవుణ్ణి ఒక్కసారి తలుచుకోండి. ఇక వినండి.

అనగనగా ఏడు సముద్రాల అవతల, యూదుల దేశంలో యోరాము అని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఎన్ని మొక్కులు మొక్కితేనో, వాళ్ళ తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది.

ఆ దేశంలో బిడ్డ పుడితే మాంత్రికుడు వచ్చి ఉయ్యాలకు రక్షరేకు కట్టేవాడు. దాని మీద ముగ్గురు దేవదూతల పేర్లుండేవి. ఎందుకూ? లిలిత్ భయం!

లిలిత్ ఎవరంటారా? ఆదాముకు మొదటి భార్యట. దేవుడు ఇద్దర్నీ ఒకే మట్టితో చేశాడు. ఆదామేమో "నేను పైన, నువ్వు కింద" అన్నాడు. "ఒకే మట్టి కదయ్యా, ఇందులో ఎక్కువెవరు, తక్కువెవరు?" అందామె. ఆయన వినలేదు. ఆమె దేవుడి పేరు పలికి గాలిలోకి లేచి, సముద్రాలు దాటి వెళ్ళిపోయింది. అంతే! ఆనాటి నుంచీ ఎక్కడ ఏ బిడ్డకు ఏమైనా నింద ఆమె మీదే.

ఒక సాయంత్రం కోట గోడ మీంచి కేక: "వచ్చింది! లిలిత్ వచ్చింది!" ఆమెను చూస్తే ప్రాణం పోతుందని అందరూ కళ్ళు మూసుకున్నారు. తెరిచి చూస్తే ఉయ్యాల ఖాళీ! "నా బిడ్డ వచ్చేదాకా మెతుకు ముట్టను" అని రాణి మంచం పట్టింది.

పెద్దకొడుకు కత్తి పట్టి బయల్దేరాడు. సముద్రం ఒడ్డున గుడ్లగూబ కనిపిస్తే "ఛీ, అపశకునం" అని రాయి విసిరాడు. దారి తెలియక తిరిగొచ్చాడు. రెండోవాడూ కత్తి పట్టాడు, రాయి విసిరాడు, తిరిగొచ్చాడు.

"నువ్వా వెళ్ళేది? మీసమన్నా రాలేదు!" అని వాళ్ళు నవ్వుతుంటే మూడోవాడు, అబ్నేరు, వట్టి చేతులతో వెళ్ళాడు.

"గుడ్లగూబ మామా, అందరూ నిన్ను అపశకునం అంటారే. నువ్వేమంటావు?"

"ఇన్నాళ్ళకు అడిగావా నాయనా! నా కళ్ళు కాస్త పెద్దవి, అంతే. ఎక్కు నా వీపు మీద!" ఏడు సముద్రాలూ దాటించి లిలిత్ దీవిలో దించింది.

ఒడ్డున జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది లిలిత్. "కత్తి ఏదిరా? నా కోసం వచ్చేవాళ్ళు కత్తి లేకుండా రారే!"

అబ్నేరు వెళ్ళి ఇసకలో ఆమె పక్కనే కూర్చున్నాడు. "మా చెల్లిని మీరే ఎత్తుకెళ్ళారంటున్నారు. మీరేమంటారమ్మా?"

లిలిత్ కళ్ళు తుడుచుకుంది. "ఇల్లు విడిచాను, నిజం. బిడ్డల జోలికి మాత్రం పోలేదు. ఆ కేక మీ మాంత్రికుడి చిలకది. మీరు కళ్ళు మూసుకుంటారు, వాడు బిడ్డల్ని ఎత్తుకుపోయి చాకిరీకి పెంచుకుంటాడు. వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. దాన్ని చంపకు. అది ఒక్క నిజం చెబితే చాలు, వాడి పని సరి."

లిలిత్‌కు అటు పక్కన కూర్చున్న పిల్ల లేచింది. పేరు తిర్సా. మాంత్రికుడి గుహలోంచి పారిపోయి వస్తే లిలిత్ పెంచింది. "గుహకు దారి నాకు తెలుసు, పద."

"భయం లేదూ?"

"నీకుంటే నా వెనక నడు!"

గుడ్లగూబ ఇద్దర్నీ గుహ దగ్గర దించింది. తిర్సా గుహ వెనక గుమ్మంలో నిలబడి గొంతెత్తింది: "వచ్చింది! లిలిత్ వచ్చింది!" ఏమైందో తెలుసా? ఏళ్ళ తరబడి ఆడిన అబద్ధం కదా, మాంత్రికుడే నమ్మేశాడు! గడగడా వణుకుతూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అబ్నేరు పంజరం దగ్గరికి ఉరికాడు.

"చిలకమ్మా, నీ కేక లోకమంతా విన్నది. నీ మాట ఎవరూ అడగలేదు. బిడ్డల్ని ఎత్తుకెళ్ళేది ఎవరు?"

చిలక రెక్కలు టపటపలాడాయి. "వీడే! వీడే! పస్తులు పెట్టి నాకు ఆ కేక నేర్పాడు!"

అంతే, మాంత్రికుడు గుప్పెడు బూడిదయ్యాడు. చిలక ఎగిరిపోయింది. బిడ్డలందరూ ఇల్లు చేరారు. చంటిదాన్ని గుండెకు హత్తుకుని రాణి కడుపునిండా అన్నం తిన్నది.

అబ్నేరుకు తిర్సాతో పెళ్ళి. "రెండు పీటలూ ఒకే ఎత్తుంటేనే కూర్చుంటా" అంది తిర్సా. పెళ్ళికొడుకే పరుగెత్తి సరిజోడు పీట తెచ్చాడు. పెళ్ళికి లిలిత్ వస్తే తల్లులందరూ బిడ్డల్ని కొంగు చాటున దాచుకున్నారు. రాణి మాత్రం ఎదురెళ్ళి తన పాపను ఆమె ఒడిలో పెట్టింది. ఆ తర్వాత ఆ దేశంలో ఉయ్యాలలకు రక్షరేకులు లేవు. "లిలితమ్మా, మా పాపకు కావలుండవే" అని తల్లులు జోల పాడారు. అబ్నేరూ తిర్సా పక్కపక్కన కూర్చుని, దేవుడి దయ వల్ల, జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలారు.

పిల్లలూ, సముద్రాలు ఎన్నో మర్చిపోయినా ఫరవాలేదు. ఊరంతా తిట్టిన మనిషి పక్కన ఆ పిల్లాడు ఇసకలో కూర్చుని "మీరేమంటారమ్మా?" అని అడిగాడే, అదొక్కటి గుర్తుంచుకోండి. రేపు మీరూ ఎవరి పక్కనైనా అలా కూర్చుని అడగండి.