తల నీది, మొండెం నాది

అనగనగా ఒక అడవిలో ఒక అన్యాయం జరిగింది. ఎవరికి? బూదవ్వ అనే ముసలి ఏదుపందికి. ఎప్పుడు? పోయిన వైశాఖంలో, చెట్టున ఆకు, వాగులో నీరు లేనప్పుడు. అసలు సంగతి అంతకు ముందటి ఏడాది మొదలైంది.

ఎండాకాలమొస్తే బూదవ్వకూ, ఆమె మనవలకూ కొండవాలున దొరికే అడవిదుంపలే దిక్కు. దుంప తవ్వి, "అమ్మా, తల నీది, మొండెం నాది" అని నేలకు చెప్పేది. తీగ మొలిచే తలభాగం కొరికి, మళ్లీ గుంటలో పాతిపెట్టేది. మిగిలింది ఇంటికి మోసుకెళ్లేది.

ఒకరోజు ఒక గోరువంక వచ్చి వాలింది. దేశదేశాల పెద్దల దగ్గర జ్ఞానం సేకరిస్తోందట.

"అవ్వా, సముద్రపు తాబేలు తాత ఒక మంత్రం ఇచ్చాడు. ఎడారి ఒంటె ముత్తవ్వ ఒకటి ఇచ్చింది. నువ్వూ ఒక మంత్రం ఇవ్వు."

"మంత్రాలు నాకేం తెలుసే తల్లీ? ఎండలు పోయేదాకా ఉండి, నాతో మట్టి తవ్వు."

"అమ్మో, మట్టా! మంచుకొండ జడలబర్రె తాత నా కోసం చూస్తుంటాడు."

"పాపం, ఆయన్నైనా నిద్రపోనీ."

గోరువంక పొదలో నక్కింది. అవ్వ నేలతో అనే మాట వింది. తుర్రుమంది. కుందేళ్లకు చెప్పింది, అడవిపందులకు చెప్పింది, ఎలుగుబంట్లకు చెప్పింది. "నేలకు తల ఆనించి ఈ మంత్రం అనండి. దుంపలే దుంపలు!"

ఎవరి తల అని ఒక్కరూ అడగలేదు. అందరూ కొండవాలుకొచ్చి తమ తలలే నేలకు కొట్టుకున్నారు. నుదుళ్లు బొప్పి కట్టాయి. భక్తి అంటే భక్తి! దుంపల్ని మాత్రం తలా తోకా మిగల్చకుండా నమిలేశారు.

వానలొచ్చినా అక్కడ తీగ మొలవలేదు. వైశాఖానికి బూదవ్వ మనవలు ఎండుబెరడు నాకుతున్నారు.

అప్పుడు గోరువంక మళ్లీ వచ్చింది.

"అవ్వా, నీ మంత్రం పనిచేయలేదు. ఎలుగులు నా తోక పీకేశాయి. ఇంకా గట్టిది ఏదైనా చెప్పు."

బూదవ్వకు కోపం రావాలి. కోపానికీ ఓపిక కావాలి కదా! కొండంతా వెతికితే ఆ రోజు రాళ్ల సందున ఒక్కటే దుంప దొరికింది. ఆమె దాని తల కొరికింది. మొండెం మనవల ముందుకు నెట్టింది. అది చాలదని వాళ్ల చూపు తల మీదే ఉంది. ఆమె చూడనట్టే ఉండి, తలను గోరువంక ముందు పెట్టింది.

"తల అంటే ఇదే. ముక్కుతో గుంట తియ్యి."

"తీసేటప్పుడు ఏమనాలి అవ్వా?"

"ఏమీ అనకు. తియ్యి."

నేల రాయిలా ఉంది. గుంట అయ్యేసరికి పొద్దు వాలింది. తీగ రావాలంటే వానలు పడాలి. వానలు ఇంకా దూరం.

నీతి: పెద్దల నోటిమాట ఎత్తుకుపోయి చేతిపని వదిలేసేవాళ్లు, ఆ పెద్దల కూడూ పోగొడతారు, తమ కూడూ పోగొట్టుకుంటారు.