చేదు చూడని బుడమకాయలు

పెద్దయ్యగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక పని చెప్పేవారు. పత్తి చేల మధ్య ఉన్న ఆ మఠంలో చేరి రెండేళ్ళయిన కొమురయ్య ఒకనాటి పొద్దున ఆయన దగ్గర కూర్చుని, "అయ్యా, నేను ఎక్కణ్ణుంచి వచ్చానో మరిచిపోవాలంటే ఏ సాధన చెయ్యాలి?" అని అడిగాడు.

ఆయన గుమ్మం దగ్గరున్న గంప చూపించారు. "బుడమకాయలు. పత్తి తీసేవాళ్ళకు మధ్యాహ్నం ఇక్కడే భోజనం. వీటితో పప్పు చెయ్యి."

కొమురయ్య గంపలోకి వంగి చూశాడు. కోడిగుడ్డంత కాయలు, ఒంటినిండా ఆకుపచ్చ చారలు. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు, చేలల్లో వాటంతటవే పాకుతాయి. కరువొచ్చిన ఏడాది అతని తల్లి లచ్చవ్వ వాటితోనే ఇల్లు గడిపింది. పచ్చివి పప్పులోకి, పచ్చడిలోకి. పండినవి పిల్లల చేతికి. మిగిలినవి చక్రాలుగా కోసి ఉప్పు రాసి ఎండబెడితే ఎండాకాలానికి వరుగులు. గతిలేనివాళ్ళ కూర అని ఊళ్ళో వెక్కిరించేవారు. ఆకలి తిండి దొరికిన పూట చల్లారుతుంది. ఆకలితో బతికామన్న సిగ్గు మాత్రం కడుపు నిండాక కూడా కాలుస్తూనే ఉంటుంది.

తోటి శిష్యుడు శేషాచారి వచ్చి ఒక కాయ తీసి తిప్పి చూశాడు. "ఏమిటయ్యా ఇవి, గొడ్లు కూడా మూతి పెట్టేట్టు లేవు. నీకు తెలుసా వీటి సంగతి?"

"నాకేం తెలుసు" అన్నాడు కొమురయ్య.

ఆ మాట అన్నాక ఇక తెలిసినట్టు వండటానికి వీల్లేకపోయింది. బుడమల్లో కొన్ని చేదువి ఉంటాయి, పైకి తెలియవు. లచ్చవ్వ ప్రతి కాయకూ తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి, నాలుకకు తాకించి, చేదైతే కాయను విసిరేసేది. ఒక్కటి పడ్డా కుండంతా పాడు. శేషాచారి అరుగు మీదే కూర్చుని చూస్తున్నాడు. కొమురయ్య తల వంచుకుని, ఒక్కటీ రుచి చూడకుండా, అన్నీ తరిగి కుండలో వేశాడు.

మధ్యాహ్నం పత్తి తీసేవాళ్ళు బంతిలో కూర్చున్నారు. అందరి అన్నంలోనూ పప్పు పడింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న ముసలమ్మ మొహం ముడుచుకుపోయింది.

"నువ్వేనా వండింది? చేదు సూడకుంటనే కోసినవు. మీ అమ్మ నేర్పలేదా బిడ్డా?"

అందరూ అతనికేసే చూస్తున్నారు.

"లేదవ్వా" అన్నాడు కొమురయ్య.

"తల్లి లేని పిల్లగాడేమో, పాపం" అంది ఆమె పక్కనున్నామెతో. విస్తళ్ళు పక్కకు నెట్టి, తలా ఇంత గంజి తాగి, వాళ్ళు మళ్ళీ చేలోకి వెళ్ళిపోయారు. పెద్దయ్యగారు మాత్రం తన విస్తట్లోది చివరి మెతుకు దాకా తిన్నారు.

కొమురయ్య ఆయన ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. "నేర్పిందయ్యా. ఒక్కో కాయా నాలుకకు పెట్టి చూసేది. చేదంతా ఆమె నోటికే. మాకెన్నడూ తగలనియ్యలేదు."

పెద్దయ్యగారు చెయ్యి కడుక్కుని, చేలో వంగి ఉన్న మనుషులకేసి చూశారు.

"మరిచిపోయే సాధన అడిగావు గదా. ఈ పూట బాగానే కుదిరింది. వాళ్ళు వట్టి గంజితో లేచారు."