పైడమ్మ ఆవం ముట్టించిన రోజు

చిదంబరయ్యగారిని ఏదైనా అడిగితే ముందు చెప్పులు వెతుక్కుంటారు. ఆశ్రమంలో కూర్చుని జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఆ రోజు అడిగినవాడు ఆయన శిష్యుడు మార్కండేయులు. తోటలో రాలిన మామిడాకులు కుప్పవేసి తగలబెట్టబోతుంటే పంచాయతీ మనిషి వచ్చి ఆపేశాడు. వేసవిలో ఆరుబయట నిప్పు పెట్టేవాళ్లు పొరుగింటికి స్వయంగా వెళ్లి చెప్పాలి, వాళ్లు సరేనన్నాకే ముట్టించాలి. అది ఆ ఊరి కట్టుబాటు. మార్కండేయులుకు చిర్రెత్తుకొచ్చింది.

"గురువుగారూ, నేను నీళ్లు పక్కన పెట్టుకుని, బూడిద చల్లారేదాకా కదలనివాణ్ణి. ఈ కట్టుబాటు అజాగ్రత్త మనుషులకు గాని నాకెందుకు?"

"పైడమ్మ ఇవాళ ఆవం పెడుతోందట. చూసొద్దాం పద నాయనా" అన్నారు గురువుగారు, చెప్పుల్లో కాళ్లు దూర్చి.

పైడమ్మ ఆ ఊరి కుమ్మరి. వీళ్లు వెళ్లేసరికి పచ్చికుండలు పేర్చి, పైన గడ్డి కప్పి, మట్టి మెత్తి, కాల్చడానికి ఆవం సిద్ధంగా ఉంచింది. ఆకాశం ఉరుముతోంది. కాల్చకముందే వాన పడితే ఆమె వేసవి కష్టమంతా మళ్లీ బురదే. అయినా నిప్పు పెట్టకుండా కొంగు నలుపుకుంటూ నిలబడింది. కారణం పొరుగింటి గంగునాయుడు. నిరుడు అతని గేదె ఆమె ఆరబెట్టిన కుండల్ని తొక్కేసింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అతని గడ్డివాము చూస్తే ఆవం పక్కనే ఉంది.

"గాలి లేదు కదమ్మా, ముట్టించెయ్యి" అన్నాడు మార్కండేయులు. ఊరి కట్టుబాటు సడలించే అధికారం తనకెవరిచ్చారో అతనికే తెలియాలి.

పైడమ్మ వినిపించుకోలేదు. విసవిసా కంచె దాకా వెళ్లి, నెమరు వేస్తున్న గేదెతో గట్టిగా చెప్పింది.

"ఓసి గేదా! ఆవానికి నిప్పెడతన్నానని మీ నాయుడికి సెప్పు. వానొచ్చీలాగుంది, బేగి సెప్పు."

అరుగు మీద తాడు పేనుతున్న గంగునాయుడు తలెత్తలేదు. "గడ్డివాము తడుపుకుంతాను, అందాకా ఆగమని సెప్పవే గేదా" అన్నాడు.

గబగబా నీళ్లు చల్లుకుని, ఇంకో రెండు బిందెలు మోసుకొచ్చి ఆవం దగ్గర దించాడు. పైడమ్మ నిప్పు పెట్టింది. ఇద్దరూ చెరోవైపు బిగుసుకుని నిలబడ్డారు. కాసేపటికి ఒక మూల మట్టి పగిలి మంట బయటికొచ్చింది.

"అక్కడ మట్టెయ్యి, పైడీ!" అని అరిచాడు గంగునాయుడు.

"కనపడతంది నాకు! సూత్తూ నిలబడక ఆ మట్టి ఇలాగియ్యి" అంది పైడమ్మ.

అంతే. ఆ తరువాత వాళ్ల నోళ్లు మూతపడితే ఒట్టు. మట్టి అందిస్తూ ఒకరు, మెత్తుతూ ఒకరు, నిరుటి తగాదా మొదలుకుని మొన్నటి పెళ్లి భోజనం దాకా ఏకరువు పెట్టుకున్నారు. నాలుగు చినుకులు పడ్డాయి గానీ అప్పటికే ఆవం రాజుకుంది. చూస్తున్నవాళ్లకు ప్రాణం హాయిగా ఉంది.

తిరుగుదారిలో కూడా మార్కండేయులు పట్టు వదల్లేదు. "ఆకు కూడా కదల్లేదు గురువుగారూ. అడక్కుండా ముట్టించినా గడ్డివాముకు ఏమీ అయ్యేది కాదు. కుండలూ బాగానే కాలి ఉండేవి."

గురువుగారు తల ఊపారు.

"కాలి ఉండేవి నాయనా. కుండల మటుకు నీ మాట నిజమే."