కండువాల బండి

"పది రోజులపాటు నన్నెవరూ పలకరించకూడదు త్ర్యంబకం! మువ్వలపట్నం వెళ్లి, సముద్రం ఒడ్డున ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుంటాను. ఏర్పాట్లు చూడు," అన్నారు మా భద్రభూపాల మహారాజుగారు.

త్ర్యంబకం అంటే నేనే. కొండవల్లి ఆస్థానంలో యాత్రాధికారిని. రాజుగారు కోట దాటాలంటే ముహూర్తం, బండ్లు, బసలు అన్నీ నా చేతిమీదుగానే జరగాలి. అంత గొప్పవాణ్ణి. ఆ మాట నేనే చెప్పుకుంటున్నాను, గమనించండి. ఇంకెవరూ చెప్పరు.

ఇక్కడ నా గుట్టొకటి విప్పాలి. పుట్టి బుద్ధెరిగాక నేను సముద్రం చూడలేదు. మాది కొండల రాజ్యం, మా ఏరే మోకాలి లోతు. కానీ ఉద్యోగంలో చేరిన రోజున "సముద్రమా? నాకు కొట్టిన పిండి!" అనేశాను. ఇరవై ఏళ్లుగా అవే కోతలు కోస్తున్నాను. ఈ ప్రయాణం సాగితే ఎలాగోలా సముద్రాన్ని కళ్లజూస్తాను, నా అబద్ధం కాస్తా నిజమైపోతుంది. అందుకే రాజుగారికంటే నాకే తొందరెక్కువైంది.

మూడు రోజులు కూర్చుని ఏర్పాట్లన్నీ రాశాను. నిండు సభలో గొంతు సవరించుకుని చదివాను.

"మహారాజా! పరివారం నాలుగు వందల మంది. మంత్రులు, కవులు, పురోహితులు, వాళ్ల బావమరుదులు. పొద్దున్నే సముద్ర దర్శనం, వెంటనే కవుల పద్యాలు. మధ్యాహ్నం ప్రజల విన్నపాలు. సాయంత్రం సముద్రం అవతలి గట్టు మీద విందు!"

రాజుగారి పక్కన వింజామర వీచే నూకాలు చెయ్యి ఠక్కున ఆగింది. ఆవిడ పుట్టిల్లు మువ్వలపట్నమే. నలభై ఏళ్ల కిందట పెళ్లయి మా కొండలకొచ్చింది. నా వంక ఓసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

రాజుగారి ముఖం మాత్రం వాడిపోయింది. పాపం, ఆయనకు రెండు నెలలుగా కంటి నిండా నిద్ర లేదు. ఇలాగే ఉంటే మంచం పడతారని వైద్యుడు చెప్పేశాడు కూడా.

"ఇంతమందా? నేను వెళ్లేదే వీళ్లకు దూరంగా ఉందామని..." అని నసిగారు.

"అదెలా కుదురుతుంది ప్రభూ! తమరు కదిలితే వెంట కదలడం వీరి వంశాల హక్కు. ఒక్కరిని వద్దంటే పది ఇళ్లు అలుగుతాయి."

సభంతా అవునవునని తలలూపింది. నేను మీసం సవరించుకున్నాను.

"సరే, బయల్దేరేది ఎప్పుడు?"

అక్కడే వచ్చింది చిక్కు. ఎల్లుండి నుంచి మూఢం. నెలన్నర దాకా ప్రయాణం పెట్టుకోకూడదు. ఉన్న ఒక్క ముహూర్తం రేపు పొద్దున. ఇంతమందికీ కలిపి దొరికిన బండ్లు పదకొండు. అందులో రెంటికి చక్రాల్లేవు!

"ప్రస్థానం పెడదాం ప్రభూ!" అనేశాను.

మనందరికీ తెలిసిన ఆచారమే. ముహూర్తానికి మనిషి కదల్లేకపోతే, ఒంటిమీది బట్టేదైనా ముందుగా ఊరి చివరికి పంపుతాం. ప్రయాణం మొదలైనట్టే లెక్క.

"రేపు తమరి ఉత్తరీయాన్ని కోట బయటి మండపానికి పంపుదాం. బండ్లన్నీ దొరికాక తీరిగ్గా వెళదాం. బట్ట కదిలితే మనిషి కదిలినట్టే! పెద్దలు పెట్టిన ఆచారం, కాదనేవాడెవడు?"

పురోహితులు భేషన్నారు. నాకు నేనే ముద్దొచ్చాను.

రాజుగారు నిట్టూర్చి ఉత్తరీయం మీద చెయ్యి వేశారు. అప్పుడు నూకాలు వింజామర పక్కన పెట్టింది.

"మారాజా, ఓ మాట అడగనా?"

"అడుగు నూకాలూ."

ఆవిడ నా వైపు తిరిగింది. "త్ర్యంబకంబాబూ, ఈ ఆచారం రాజుగారి బట్టకేనా? మిగతావాళ్ల బట్టకు కూడానా?"

"వెర్రిదానా! ఆచారానికి రాజూ పేదా తేడా ఉంటుందా? ఎవరి బట్టైనా అంతే!"

"పంతులుగారూ, తమరి కండువాక్కూడా అంతేనా?"

"నిస్సందేహంగా!" అన్నారు రాజపురోహితులు.

నూకాలు రాజుగారికి దణ్ణం పెట్టింది.

"అయితే మారాజా, రేపు ముహూర్తానికి తమరే బయల్దేరండి. ఈ బాబులందరి కండువాలూ ఓ బండిలో వేయించండి. నాలుగు వందల మందీ తమ వెంట వచ్చినట్టే!"

రాజుగారు ఫక్కున నవ్వారు. రెండు నెలల్లో ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

"ఎవరికైనా అభ్యంతరమా?"

ఉందంటే పెద్దల ఆచారాన్ని కాదనాలి. దాన్ని ఇందాకే నెత్తిన పెట్టుకున్నారాయె! ఒక్కొక్కరే కండువా తీసి ఇచ్చారు. నాది జరీ కండువా. ఇస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వకండి. అది సముద్రం చూడబోతోంది, నేనేమో ఇంట్లో కూర్చోబోతున్నాను. అదీ నా తెలివి వల్లే.

రాజుగారు తన బంగారు కంకణం తీసి నూకాలు చేతికి తొడిగారు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఇంకొక్కటే మారాజా. అన్ని ఖరీదైన కండువాలకు దారిలో కాపలా ఉండొద్దా? త్ర్యంబకంబాబుని ఆ బండెక్కించండి. సముద్రం అవతలి గట్టు ఎక్కడుందో నేను పుట్టిన్నుంచీ వెతుకుతూనే ఉన్నాను. బాబుకి తెలుసంట, చూపిస్తారు!"

రాజుగారు సింహాసనం చెయ్యి పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అలిగి కూర్చున్న సభ కూడా ఆగలేకపోయింది. అవతలి గట్టే లేదని ఆ నవ్వుల్లోనే నాకు తెలిసింది. దాచడానికి ఇంకేం మిగిలింది? చేతులు జోడించాను.

"అమ్మా నూకాలూ, నేను సముద్రం ఎప్పుడూ చూడలేదు."

"తెలుసు బాబూ. అందుకే రమ్మంటున్నా."

నవ్వులు ఇంకా ఆగలేదు. నేను మాత్రం అప్పటికే పరుగున వెళ్లి కండువాల బండిలో చోటు చూసుకుంటున్నాను.